బండి దీపము – తిరుగుదారి

ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దములును విభక్తులును చెప్పిన తెలుగు పండితుడు మోటారుబండి దీపములను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. మూడేండ్ల క్రిందటివఱకు నాకును వింతగానే యుండెడిది. ఆ యేట మాయింటి ట్రాక్టరు ట్రాలీకి వెనుక దీపము వెలుగకపోవుటచే ఒక కుఱ్ఱవాని కాలు విఱిగెను. ఆ దీపములను కొని పెట్టించినవాడను నేను. వానియందు ఏదో లోపమున్నదని ముందుగా కనిపెట్టినవాడను నేనే. కనిపెట్టియు కారణము విచారింపక యూరకుండినవాడను నేనే. ఆ తప్పు నన్నీ విద్యవైపు నడిపించినది. ఆ కథ చివర చెప్పెదను. అది చక్కగా బోధపడుటకు బండి దీపముల చరిత్రము కొంత తెలియవలసియున్నది.

మా చిన్నతనమున ఎడ్లబండి యిరుసు క్రింద లాంతరు వ్రేలాడుచుండెడిది. ఆ వెలుగు దారి చూచుటకు గాదు. దారి యెడ్లకు తెలియును. ఎదుట వచ్చువానికిని వెనుక వచ్చువానికిని ఇచ్చట బండి యున్నదని తెలుపుటకే ఆ లాంతరు. బండి దీపమునకు రెండు ధర్మములు గలవు. ఒకటి కానుట, రెండవది కానబడుట. ఎడ్లబండికి రెండవది చాలెను. మోటారుబండి వేగమునకు రెండును కావలసివచ్చెను.

జర్మనీ దేశమున కార్ల్ బెంజి తన మూడు చక్రముల మోటారుబండికి 1886లో పేటెంటు పడసెను. ఆ తొలినాటి బండ్లకు గుఱ్ఱపుబండ్ల నూనె దీపములనే తగిలించెడివారు. అవి కానబడుటకే గాని కానుటకు చాలవు. 1892లో అమెరికాయందు థామస్ విల్సన్ అనువాడు కాల్షియం కార్బైడును చౌకగా చేయు మార్గము కనుగొనెను. మామిడికాయలను మాగబెట్టుటకు కొందఱు దొంగచాటుగా వాడుచున్న కార్బైడు ఇదియే. దానిపై నీరు పడినచో ఎసిటిలీను వాయువు పుట్టును. అది తెల్లని వెలుగుతో మండును. తిరునాళ్లలో గ్యాసు దీపములు చూచినవారికి ఆ వాసన జ్ఞప్తికి వచ్చును. మోటారుబండి దీపమునకు పై అఱలో నీరు, క్రింది అఱలో కార్బైడు. నీరు బొట్టుబొట్టుగా జాఱును. పుట్టిన వాయువు గొట్టము వెంట పోయి ముక్కునొద్ద మండును.

ఆ దీపముతో బాధలు లేకపోలేదు. చలిదేశములలో నీరు గడ్డకట్టెడిది. ముక్కు మసితో పూడెడిది. కార్బైడు బూడిదయై పోయెడిది. కాని ఆ లోపములన్నియు కంటికి కనబడునవి. మూత తీసి చూచినచో నీరు లేదనియు, గొట్టము పూడెననియు చిన్నవాడు సైతము చెప్పగలడు. విద్యుద్దీపము వచ్చిన పిమ్మట ఈ సౌకర్యము పోయెను. తీగలో ఏది పాఱుచున్నదో, ఎచ్చట నిలిచెనో కన్నునకు గోచరింపదు. ఊహింపవలెను, ఊహను పరీక్షింపవలెను. నేటి చిక్కులన్నిటికిని మూలమిదియే.

అమెరికాలోని కొలంబియా విద్యుద్బండికి 1898లోనే విద్యుద్దీపములు పెట్టిరి. ఆ కాలపు బల్బులలోని బొగ్గుతీగ గతుకుల దెబ్బకు తెగిపోవుచుండెను. 1910 ప్రాంతమున విలియం కూలిడ్జి టంగ్‌స్టను లోహమును సన్నని తీగగా సాగదీయు ఉపాయము సాధించెను. ఆ తీగ గట్టిది. 1912 నాటి కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుద్యంత్రము అమరెను. దానితో ఇంజను చేతితో త్రిప్పు బాధయు, అగ్గిపుల్ల గీచి దీపము వెలిగించు బాధయు ఒక్కసారిగా తప్పెను. మఱుసటి యేట జర్మనీయందు బాష్ కంపెనీవారు దీపములు, డైనమో, దానిని అదుపుచేయు సాధనము కలిపి ఒక్క యమరికగా విక్రయింప నారంభించిరి.

ఇచ్చట ముఖ్యమైన విషయ మొకటి గలదు. విద్యుత్తు బ్యాటరీనుండి బయలుదేరి దీపముగుండ పోయి మఱల బ్యాటరీకి చేరవలెను. పోవుటకొక దారి, వచ్చుటకొక దారి. రెండవదారి లేనిచో మొదటిదానియందును ప్రవాహముండదు. ప్రతి దీపమునకు రెండేసి రాగితీగలు వేయుట ఖర్చని మోటారు తయారుచేయువారు ఒక యుక్తి పన్నిరి. బండి చట్రమే ఇనుము గదా! పోవుటకు మాత్రము వైరు వేసి, తిరుగుదారిని చట్రమునకు వదలిరి. దీనినే మన మెకానిక్కులు ఎర్తు అందురు. పేరు ఎర్తే గాని భూమితో దానికి సంబంధము లేదు, టైర్లు రబ్బరువి. చట్రమే అచ్చట భూమి. నేటి బండ్లలో బ్యాటరీ ఋణధ్రువమును చట్రమునకు కలుపుదురు. ఇంగ్లాండు బండ్లు పెక్కింటిలో 1960 దశకము నడుమవఱకు ధనధ్రువమును కలిపెడివారు. పూర్వకాలపు బండికి నేటి ఎల్.ఇ.డి. దీపము పెట్టువారు ఇది యెఱుగవలెను. పాత బల్బునకు ఇటునటు భేదము లేదు, ఎల్.ఇ.డి. తలక్రిందుగా కలిపిన వెలుగదు.

ఈ తిరుగుదారి సంగతి నాకు పదునాలుగవ యేటనే తెలియవలసినది. మా నాయనగారి సైకిలుకు డైనమో యుండెడిది. దానినుండి ముందు దీపమునకు ఒక్కటే వైరు. తక్కినదారి సైకిలు ఫ్రేమే. ఒక వర్షకాలమున దీపము మినుకుమినుకుమనుచుండగా బల్బు మార్చితిని, ప్రయోజనము లేదు. సైకిలు బాగుచేయు ముసలాయన బల్బు ముట్టుకొనక, డైనమో బిగించు పట్టీని విప్పి, దాని క్రింది రంగును తుప్పును గీకి, మఱల బిగించెను. దీపము దివ్యముగా వెలిగెను. ఏమి చేసితిరని నేనడుగలేదు. అడిగియుండిన ఏబదియేండ్ల పిమ్మట ఒక కుఱ్ఱవాని కాలు మిగిలియుండును.

ఇక చరిత్రకు వత్తము. దీపము వచ్చిన పిమ్మట మనుష్యునకు ఇంకను వెలుగు కావలెనను కోరిక పుట్టెను. ఆ వెలుగు ఎదుటివాని కన్నులను కొట్టకుండుటకై 1924లో ఒకే బల్బులో రెండు తీగలు పెట్టి, ఒకటి దూరమునకును ఒకటి దగ్గఱకును వెలుగునట్లు ఆస్రాం కంపెనీవారు చేసిరి. 1940 నమూనా బండ్లతో అమెరికాయందు అద్దము, ప్రతిఫలకము, తీగ కలిపి మూసివేసిన దీపములు వాడుకకు వచ్చెను. 1950 దశకమున అచ్చటి కార్లు 6 వోల్టుల బ్యాటరీ విడిచి 12 వోల్టులకు మాఱెను. 1962లో ఐరోపాయందు హాలోజను బల్బు వచ్చెను. రెండు తీగలు గల హెచ్4 హాలోజను బల్బు 1971లో వెలువడెను. మన దేశపు బండ్లలో చిరకాలము వెలిగినది ఆ జాతి బల్బే.

వెలుగు పెరిగిన కొలది ప్రవాహము పెరుగును. జర్మను పండితుడగు ఓము 1827లో ప్రకటించిన సూత్రమును, ఇంగ్లాండువాడగు జౌలు 1840 తర్వాత తెలిపిన సూత్రమును కలిపి చూచినచో దీని ఫలము తెలియును. హెచ్4 బల్బు దగ్గఱి వెలుగు 55 వాట్లు. రెండు దీపములకు 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 9 ఆంపియరులు పాఱవలెను. దారిలో ఎచ్చటనో తుప్పుపట్టిన యతుకొకటి యున్నదనుకొనుడు; దాని నిరోధము ఓములో పదియవ వంతు మాత్రమే యగుగాక. ఆ యతుకునొద్దనే సుమారు 0.9 వోల్టు పోవును; 8 వాట్ల వేడి పుట్టును. ఎనిమిది వాట్లనగా అల్పముగా తోచును. కాని చిటికెన వ్రేలి కొనయంత చోట అది ప్లాస్టికును కరగించుటకు చాలును. అంతేకాదు. ఈ జాతి బల్బులకు వోల్టేజి నూటికి 10 తగ్గినచో వెలుగు నూటికి సుమారు 30 తగ్గును. దీపము మసకబాఱినదని మనము బల్బును నిందింతుము. దోషము ఆ యతుకులోనిది.

వెలుగు తగ్గినదని 55 వాట్ల బల్బు తీసి 100 వాట్ల బల్బు పెట్టువారు గలరు. అప్పుడు రెంటికి సుమారు 17 ఆంపియరులు పాఱును. వైరు, స్విచ్చి మాత్రము పాతవే. ఫ్యూజు కాలిపోవును. ఫ్యూజనగా వాకిట కావలివాడు. మితిమీఱిన ప్రవాహము వచ్చినచో తాను చచ్చి యిల్లు కాపాడును. కొందఱు పెద్ద ఫ్యూజు వేయుదురు. కొందఱు సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టుదురు. కావలివానిని కట్టివేసి తలుపు తీయుట యిదియే. పిమ్మట చచ్చునది వైరు, ఒక్కొకప్పుడు బండి.

దీనికి యోగ్యమైన ఉపాయము టెలిగ్రాఫు కాలమునుండియు గలదు. దాని పేరు రిలే. స్విచ్చినుండి స్వల్పప్రవాహము రిలేలోని అయస్కాంతమును మేల్కొల్పును. ఆ అయస్కాంతము పెద్దదారిని మూయును. స్విచ్చి ఆజ్ఞ ఇచ్చును. బరువును రిలే మోయును. దానికాళ్లపై సాధారణముగా 85, 86, 30, 87 అను అంకెలుండును. మొదటి రెండును ఆజ్ఞాదారి. 30 బ్యాటరీనుండి వచ్చునది. 87 దీపమునకు పోవునది. క్రొత్తగా దీపములు పెట్టించునపుడు బ్యాటరీకి దగ్గఱగా తగిన ఫ్యూజు, పిమ్మట రిలే, దీపమునకు తగిన లావు వైరు, ప్రత్యేకమైన తిరుగుదారి – ఈ నాలుగును ఉన్నవాయని అడుగుడు. ధర పిమ్మట అడుగవచ్చును.

నేటి కాలము ఎల్.ఇ.డి.ల కాలము. నీలి వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించినందులకు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము లభించెను. ఆ నీలి వెలుగునుండియే తెల్లని వెలుగు వచ్చినది. 2007లో లెక్సస్ కారొకటి ఎల్.ఇ.డి. హెడ్ లైట్లతో వెలువడెను. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగిచ్చుట దీని గుణము. పాత బండిలో పెట్టినపుడు ఆ గుణమే చిక్కు తెచ్చును. ఇండికేటరు బల్బు 21 వాట్లు త్రాగునని యెంచి చేసిన మిణుకుపెట్టె, ఎల్.ఇ.డి. కొంచెమే త్రాగుటచే బల్బు తెగెననుకొని తడబడి వేగముగా కొట్టుకొనును. క్రొత్త కార్లలోని కంప్యూటరును అట్లే భ్రమించి లోపమున్నదని సూచించును. దీపము వెలుగుచునే యుండును. బండి మాత్రము వెలుగలేదనును. ఎల్.ఇ.డి.లకు తగిన మిణుకుపెట్టె వేసినచో మొదటి చిక్కు తీఱును.

రేడియో వినువారికి ఇంకొక చిక్కు. నాసిరకపు ఎల్.ఇ.డి. దీపము వేసిన వెంటనే బండిలోని రేడియో గరగరలాడును. దీపములోపలి చిన్న విద్యుత్పరికరము క్షణమునకు వేలకొలది మాఱులు ప్రవాహమును తెంపుచు కలుపుచు నుండును. ఆ అలజడి రేడియో తరంగములలో కలియును. దీపము ఆర్పగా గరగర పోయినచో రేడియోను నిందింపనక్కఱలేదు. మఱియు, బల్బుతీగ కొఱకు చేసిన ప్రతిఫలకములో ఎల్.ఇ.డి. నుంచినచో వెలుగు చెల్లాచెదరై ఎదుటివాని కన్నులు చీకట్లు క్రమ్మవచ్చును. తాను కానుటకై పరుని కన్నులు తీయుట ధర్మము గాదు. తయారుచేసినవారి వివరములకు భిన్నముగా బండిని మార్పరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము చెప్పుచున్నది. ఆ మాట ఇట్టివాని కొఱకే.

ఇక మా కథ. నేను ఉద్యోగవిరమణ చేసిన యేట సంక్రాంతికి మా తమ్ముని కుమారుని ట్రాక్టరు ట్రాలీకి రెండు వెనుక దీపములును, ప్రక్కలకు వరుసగా చిన్న రంగుదీపములును పెట్టించితిని. పట్టణములోని ఒక దుకాణమున ఒక్క పూటలో పని ముగిసెను. దుకాణము ముందు అన్నియు చక్కగా వెలిగెను. ఇంటికి వచ్చిన పిమ్మట చూచితిని: బ్రేకు త్రొక్కినపుడు ఇండికేటరు కూడ మసకగా వెలుగుచుండెను. బండి సాగుచుండగా వెలుగు దీపము, నిలిచినపుడు ఒక్కొకప్పుడు ఆఱుచుండెను. ఇది బల్బు దోషమనిరి. మూడు మాఱులు బల్బులు మార్చితిమి. మార్చునపుడు కుదుపుచే వెలుగును. మఱునాడు మఱల అంతే. చిన్నవిషయమని యూరకుంటిని.

వరికోతల నాళ్లలో ఒక తెల్లవాఱుజామున ట్రాలీని రోడ్డుప్రక్క నిలిపి ధాన్యపు బస్తాలు ఎత్తుచుండిరి. దీపము స్విచ్చి వేసియే యున్నది. వెనుక దీపము వెలుగుట లేదు. పొరుగూరినుండి మోటారుసైకిలుపై పాలకేంద్రమునకు పాలు తెచ్చు కుఱ్ఱవాడు మంచులో ట్రాలీని చూడలేక వచ్చి తాకెను. పాలన్నియు రోడ్డు పాలయ్యెను. కాలు రెండుచోట్ల విఱిగెను.

ఆసుపత్రినుండి వచ్చిన మఱునాడు, మా పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పిన మిత్రుని పిలిచి విచారణకు కూర్చుంటిమి. ఆయనయొద్ద మల్టీమీటరు కలదు; నాయొద్ద చిన్ననాడు చదివిన తర్కము కలదు. ఏది యున్నపుడు కార్యముండునో, ఏది లేనపుడు ఉండదో, అదియే కారణమని అన్వయవ్యతిరేకముల పద్ధతి. పొగను చూచి నిప్పును ఊహించుట మనకు క్రొత్తగాదు.

మొదట దోషము ఒక్క దీపముదా, అన్నిటిదా యని యడిగితిమి. ఒక్కటే చెడినచో బల్బును దాని హోల్డరును చూడవలెను. అన్నియు కలిసి చెడినచో అన్నిటికి సామాన్యమగు దారిని చూడవలెను. ఇచ్చట ట్రాలీ దీపములన్నియు కలిసి చెడుచున్నవి; ట్రాక్టరు దీపములు బాగున్నవి. పోవుదారి పరీక్షించితిమి. ట్రాలీవఱకు వచ్చిన వైరునొద్ద 12 వోల్టులు నిండుగా నున్నవి. మిగిలినది తిరుగుదారి. దీపము స్విచ్చి వేసియుంచి, మీటరు నల్లకొన బ్యాటరీ ఋణధ్రువమునకును, ఎఱ్ఱకొన ట్రాలీ ఇనుమునకును తాకించితిమి. దారి బాగుగానున్నచో ఇంచుమించు సున్న చూపవలెను. అరవోల్టు దాటినచో అనుమానింపవలెను. 6 వోల్టులు చూపెను. సగము శక్తి తిరుగుదారిలోనే చచ్చుచున్నది.

ఆ తిరుగుదారి ఏది? వంగి చూచితిమి. దీపములకు పోవు వైరు మాత్రమే వేసిరి. వచ్చుటకు వైరు లేదు. ట్రాలీని ట్రాక్టరునకు తగిలించు ఇనుపపిన్నే తిరుగుదారి! దానికి గ్రీజు, బురద, తుప్పు. బండి బరువు లాగునపుడు పిన్ను బిగిసి ఇనుము ఇనుమును తాకును, దీపము వెలుగును. నిలిచినపుడు పిన్ను వదులై దారి తెగును, దీపము ఆఱును. అనగా ఏ వేళ దీపము మిక్కిలి కావలెనో, ఆ వేళనే అది లేకుండునట్లు మేము అమర్చుకొంటిమి. ఇండికేటరు మసకగా వెలుగుటకు కారణమును తెలిసెను. సొంతదారి దొరకని బ్రేకుదీపపు ప్రవాహము ఇండికేటరు బల్బులో దూఱి, దాని వైరువెంట వెనుకకు పాఱి, ట్రాక్టరు ఇండికేటరుగుండ ఇల్లు చేరుచున్నది. అది మాకు ముందునుండియు చెప్పుచునే యున్నది; వినినవారు లేరు.

మూడు బారల వైరు తెచ్చి ట్రాలీ దీపములనుండి ట్రాక్టరు చట్రమునకు కలిపితిమి. దీపములు నిండుగా వెలిగెను. వైరు తీసితిమి, మసకబాఱెను. మఱల కలిపితిమి, వెలిగెను. అన్వయమును వ్యతిరేకమును సిద్ధించెను. పిమ్మట ఆ వైరును సాకెట్టుగుండ శాశ్వతముగా వేయించితిమి. ఏడు కాళ్ల ట్రాలీ సాకెట్టులో ఒక కాలు తిరుగుదారికే కేటాయింపబడి యున్నది. మాదానిలో అది ఖాళీగా నుండెను. చట్రముపై రంగు గీకి, మెఱయు ఇనుముపై వైరు బిగించి, తుప్పు పట్టకుండ పైన వాజెలీను పూసితిమి. మొత్తము పని ఒక గంట. ఖర్చు మూడు మాఱులు మార్చిన బల్బులకంటె తక్కువ.

పెద్దలారా, మీ యిండ్లలో ట్రాక్టరు గలదు, ఆటో గలదు, మోటారుసైకిలు గలదు. పిల్లలు ముచ్చటపడి దీపములు పెట్టించుకొందురు, వలదనిన వినరు. అది నేను చెప్పబోవుట లేదు. ఒక్కపని చేయుడు. రాత్రి బండి బయలుదేరక మునుపు వాకిట నిలిపి, ఇంజను ఆపి, దీపములు వేయించి, వెనుకకు పోయి మీ కన్నులతో చూడుడు. బ్రేకు త్రొక్కింపుడు, ఇండికేటరు వేయింపుడు. ఒకటి వేయగా వేఱొకటి మసకబాఱినను, వెలుగరానిది వెలిగినను, బల్బు మార్చకుడు. తిరుగుదారి యెచ్చటనని మెకానిక్కును అడుగుడు. ఆ ప్రశ్నకు వ్రేలు పెట్టి చూపలేనివానిచేత పని చేయింపకుడు.

ఆ కుఱ్ఱవాడు కోలుకొనెను. వైద్యవ్యయము మేము భరించితిమి. అది గొప్ప గాదు. నేటికిని కొంచెము కుంటుచు నడచును. ప్రతి యుదయము పాలు పోయుటకు మాయింటికి వచ్చి, "మాస్టారుగారూ, పాలండీ" అని పిలుచును. పాత్ర పట్టుకొని నేనే వెళ్లుదును.